వలసకాలపు అమెరికా స్త్రీకి పుట్టినిల్లు వెతకడం: ఒక తిరుపతి దస్తావేజు లేఖరి పద్ధతి

తిరుపతిలో ముప్పై ఏళ్ళకు పైగా దస్తావేజులు రాసి విశ్రాంతి తీసుకొన్న నాకు, మనవరాలి బడిపని మూలంగా ఒక కొత్త చదువు పట్టుబడింది. మా అబ్బాయి బోస్టన్ దగ్గర స్థిరపడి అక్కడి అమ్మాయినే పెళ్ళిచేసుకొన్నాడు. మనవరాలిని బడిలో వంశవృక్షం గీసుకొని రమ్మన్నారు. మా వైపు గళ్ళు నింపడానికి ఆబ్దికంలో చెప్పుకొనే పేర్లు చాలావరకు సరిపోయాయి; మాతృ, పితామహి, ప్రపితామహి అంటూ మూడు తరాల ఆడవాళ్ళ పేర్లను ఆ మంత్రమే మోసుకొస్తుంది, తక్కినవి దాదాపు అన్నీ చంద్రగిరిలోని మా బంధువులు చెప్పారు. కోడలి వైపు గళ్ళు 1600ల దాకా వెళ్ళాయి. అక్కడ మగవాళ్ళ గడి ప్రతిదీ నిండింది. ఆడవాళ్ళ గళ్ళలో మాత్రం మేరీ, హన్నా, ఎలిజబెత్ అని పేరు ఒక్కటే ఉండి, ఆమె ఏ ఇంటి ఆడపడుచో చెప్పవలసిన చోటు ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీలను నింపడానికి రెండేళ్ళుగా నేను అనుసరిస్తున్న పద్ధతిని, మాలాగే అమెరికావారితో వియ్యమందిన తిరుపతి, చిత్తూరు కుటుంబాల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పద్ధతి మొత్తానికీ మూలమైన సంగతి ఒకటే. వలసకాలపు, అంటే అమెరికా ఇంకా ఐరోపావారి వలసగా ఉన్ననాటి, స్త్రీ పుట్టింటిపేరు ఆమె సొంత కాగితంలో దొరకడం అరుదు. ఆమె తండ్రి, అన్నదమ్ములు, మేనమామలు, మరుదులు, ఇరుగుపొరుగు వారు రాయించుకొన్న కాగితాల్లో అది దొరుకుతుంది. కాబట్టి ఆమె ఒక్కరి కోసం వెతికితే ఎక్కడా కనబడదు. ఆమె చుట్టూ ఉన్న పదిమంది కోసం వెతికితే వాళ్ళ మధ్యలో ఆమె కూడా కనబడుతుంది.

ఆనాటి చట్టం

ఆనాటి చట్టం తెలియనిదే, ఆనాటి కాగితంలో ఎవరి పేరు ఎందుకు ఉందో, ఎవరిది ఎందుకు లేదో బోధపడదు. అమెరికాలోని ఇంగ్లీషు వలసల్లో చెల్లుబాటైన ఇంగ్లండు సంప్రదాయ చట్టం ప్రకారం పెళ్ళైన స్త్రీకి భర్తకు వేరుగా చట్టపరమైన ఉనికి లేదు. దీనిని 'కవర్చర్' అనేవారు. ఆమె తెచ్చుకొన్న చరాస్తి పెళ్ళితోనే భర్తదయ్యేది, ఆమె భూమి మీద పెత్తనం అతనికి పోయేది, అతని సమ్మతి లేకుండా ఆమె ఒప్పందం చేసుకోవడానికి గాని, వీలునామా రాయడానికి గాని వీలుండేది కాదు. కలిగినవారు పెళ్ళికి ముందే ధర్మకర్తల పేరిట ఒడంబడిక రాయించుకొంటే తప్ప, మన స్త్రీధనానికి సాటివచ్చే రక్షణ మామూలు ఇళ్ళలోని ఆడపిల్లకు లేదు. అయినా అదే చట్టం ఆమెకు ఒక హక్కు మిగిల్చింది. భర్త చనిపోతే అతని భూమిలో మూడో వంతును ఆమె జీవించినంత కాలం అనుభవించవచ్చు. దీనికి 'డవర్' అని పేరు.

ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే ఆమె ఎక్కడ కనబడుతుందో తేలిపోతుంది. తండ్రి ఆస్తి పంచేటప్పుడు కూతురిగా కనబడుతుంది. భర్త భూమి అమ్మేటప్పుడు తన మూడో వంతు వదులుకొంటూ దస్తావేజు చివర కనబడుతుంది. భర్త పోయాక వితంతువుగా కోర్టులో కనబడుతుంది. జనాభా లెక్కల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలో దేశవ్యాప్తంగా మొదటి జనాభా లెక్క జరిగింది 1790లో, అంటే వలసకాలం ముగిసిన తరువాత. అందులో కూడా ఇంటి యజమాని పేరే రాశారు. ఇంట్లోని స్వతంత్రులందరి పేర్లూ రాయడం 1850తో మొదలైంది.

మొదలుపెట్టే తీరు

కోడలి నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాలి. ఇంగ్లండు నుంచి తొలి వలసవారిలో కొందరిని తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన ఎవరో ఒకరిని ముందే అనుకొని, అక్కడినుంచి కిందికి దారి వెతకడం మనకు కావలసిన జవాబును ముందే రాసుకొని సాక్ష్యం పుట్టించడం అవుతుంది. కోడలిని, వియ్యపురాలిని కూర్చోబెట్టి ముందుగా ఇంట్లో ఉన్నవి అడగండి: పాత బైబిలు మొదటి పేజీల్లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసుకొనే ఆచారం అక్కడ చాలా ఇళ్ళలో ఉంది. ఆపైన ఒక్కొక్క తరానికి 'ఈమె వీరి కూతురు' అని చెప్పే కాగితం కనీసం ఒకటి చేతిలో ఉంటేనే తరువాతి మెట్టు ఎక్కాలి. లింకు దస్తావేజు లేని స్థలానికి క్రయం రాయనట్టే, ఈ పనిలోనూ మధ్యలో ఒక తరం తెగితే ఆపైన ఎంత రాసినా చెల్లదు.

అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండు ప్రాంతం ఈ విషయంలో అదృష్టం చేసుకొంది. మసాచుసెట్స్ బే వలసలో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు నమోదు చేయాలని 1639లోనే ఆజ్ఞ వెలువడింది. ఆ రాష్ట్రంలోని అనేక ఊళ్ళ రికార్డులను 1850 దాకా అక్షరక్రమంలో పేర్చి, ఊరికొక పుస్తకంగా అచ్చువేశారు. వాటిలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చదువుకోవచ్చు. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో ఖాతా తెరవడానికి కూడా డబ్బు అక్కరలేదు. అక్కడి వీలునామాలు, భూమి దస్తావేజుల చేతిరాతను ఇప్పుడు యంత్రమే చదివి, మనం అడిగిన పేరు ఏ పుటలో ఉందో చూపుతోంది. సూచికల్లో ఎక్కని సాక్షుల పేర్లు, సరిహద్దు రైతుల పేర్లు, కూతుళ్ళ పేర్లు ఈ దారిన బయటపడుతున్నాయి కాబట్టి ఆడవాళ్ళ కోసం వెతికేవారికి ఇంతటి మేలు మరొకటి జరగలేదని నా అభిప్రాయం. బోస్టన్‌లో 1845లో స్థాపించిన న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ గ్రంథాలయం మరొక పెద్ద ఆధారం. కొన్ని పుటలు అక్కడి గ్రంథాలయాల్లో కూర్చొని తప్ప ఇంటినుంచి తెరుచుకోవు. అలాంటివి కోడలికి అప్పగించి, చేతిరాత చదివే పని మీరు తీసుకోండి. ఇక్కడ ఉదయం కూర్చొని చదివి పంపితే వారికి అప్పటికి రాత్రి అవుతుంది, వాళ్ళు మరునాడు వెళ్ళి వెతికే వీలుంటుంది.

కాగితం ఏ ఊరి పెట్టెలో ఉందో తెలుసుకోవడానికి మన జిల్లా చరిత్రే మంచి పాఠం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటులోను, మదనపల్లె కడపలోను ఉండేవి. 2022లో తిరుపతి మళ్ళీ వేరు జిల్లా అయింది. 1890 నాటి కాగితాన్ని తిరుపతి జిల్లా పేరుతో వెతికితే ఏమి దొరుకుతుంది? అమెరికాలోనూ అంతే. ప్లిమత్ మొదట ఒక ప్రత్యేక వలస, 1691 నాటి శాసనపత్రంతో మసాచుసెట్స్‌లో కలిసింది. నేటి మెయిన్ రాష్ట్రం 1820 దాకా మసాచుసెట్స్‌లో భాగం. నేటి డాన్వర్స్ ఊరు 1692లో సేలం విలేజ్. మసాచుసెట్స్‌లో భూమి దస్తావేజులు కౌంటీ (మన జిల్లా వంటిది) రిజిస్ట్రీలో ఉంటే, కనెటికట్‌లోను, రోడ్ ఐలండ్‌లోను ఏ ఊరివి ఆ ఊరి గుమాస్తా దగ్గరే ఉంటాయి. వెతికే సంవత్సరానికి ఆ ఊరు ఎవరి కింద ఉందో ముందుగా ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

వీలునామాలు, పంపకాలు

అన్నిటికంటె ఎక్కువ ఫలం ఇచ్చేది తండ్రి వీలునామా. 'నా కూతురు హన్నా' అని ఉంటే బహుశా పెళ్ళి కాలేదని, 'ఫలానావారి భార్య అయిన నా కూతురు హన్నా' అని ఉంటే రెండు ఇళ్ళనూ కలిపే వాక్యం దొరికిందని అర్థం. వీలునామా రాయకుండా పోయినవారి ఆస్తిని కోర్టు పంచేది; మసాచుసెట్స్‌లో పెద్దకొడుక్కి రెండు వాటాలు, తక్కిన కొడుకులకూ కూతుళ్ళకూ తలా ఒక వాటా ఇచ్చేవారు, కనుక ఆ పంపకం పట్టికలో కూతుళ్ళ పేర్లు, అల్లుళ్ళ పేర్లు వరుసగా దొరుకుతాయి. వర్జీనియాలో వీలునామా లేకపోతే భూమి అంతా పెద్దకొడుక్కే పోయేది, అందువల్ల అక్కడ ఈ మేలు తక్కువ. ఒక కూతురికి అయిదు షిల్లింగులే రాశాడని చూసి తండ్రికి ఆమె మీద కోపమని అనుకోవద్దు. పెళ్ళినాడే ఆమె వాటా ముట్టజెప్పి ఉంటాడు. మన ఇళ్ళలో పసుపు కుంకుమ కింద ఇచ్చేసిన భూమిని భాగపరిష్కారంలో మళ్ళీ ఎత్తనట్టే ఇదీను.

ప్రిసిల్లా మలిన్స్ అనే అమ్మాయి సంగతి చూడండి. ఆమె 1620లో తల్లి, తండ్రి, తమ్ముడితో కలిసి మేఫ్లవర్ ఓడలో వచ్చింది. ఓడలో వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది మొదటి చలికాలంలోనే చనిపోయారు. ఆమె ఇంటివాళ్ళు ముగ్గురూ ఆ సగంలో పోయారు. తండ్రి విలియం మలిన్స్ చనిపోయే ముందు చెప్పిన వీలునామాను గవర్నర్ జాన్ కార్వర్ రాయగా, ఓడ కెప్టెన్ క్రిస్టఫర్ జోన్స్ సాక్షిగా సంతకం చేశాడు. తెచ్చిన చెప్పుల జోళ్ళు ఇరవై ఒక్క డజన్లు, బూట్లు పదమూడు జతలు అని లెక్క చెప్పి, భార్యకు, కొడుకులకు, ప్రిసిల్లాకు పంచిన ఆ కాగితం ఓడతో ఇంగ్లండు చేరి నిలిచింది. ఆ తరువాత ఆమె జాన్ ఆల్డెన్‌ను పెళ్ళాడి ఆల్డెన్ అయింది. తండ్రి కాగితం, కార్వర్ తరువాత గవర్నర్ అయిన బ్రాడ్‌ఫర్డ్ రాసుకొన్న ప్రయాణికుల పట్టిక నిలవకపోయి ఉంటే, ఆమె కూడా లోకానికి 'జాన్ ఆల్డెన్ భార్య ప్రిసిల్లా' అన్నంత మాత్రమే మిగిలేది. ఇంగ్లండులోనే ఉండిపోయిన అక్క సేరా కూడా ఆ వీలునామా వల్లే మనకు తెలుస్తోంది. 1621 జులైలో తండ్రి ఆస్తి నిర్వహణను కోర్టు ఆమెకు అప్పగిస్తూ 'సేరా బ్లండెన్ అలియాస్ మలిన్స్' అని రాసింది. మన దస్తావేజుల్లో ఉరఫ్ అని రాసే చోట వాళ్ళు అలియాస్ అని రాస్తారు. ఆనాటి ఇంగ్లీషు కాగితంలో స్త్రీ పేరు పక్కన అలియాస్ కనబడితే అక్కడ ఆగండి. అది పుట్టింటిపేరు కావచ్చు, మొదటి భర్త ఇంటిపేరు కావచ్చు, ఏదైనా ఒక తలుపు తెరుస్తుంది.

వీలునామాతో పాటు ఉండే ఇతర కాగితాలను కూడా వదలకూడదు. తండ్రి లేని పిల్లలకు కోర్టు సంరక్షకుడిని నియమించేది. పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలు తమ సంరక్షకుడిని తామే ఎంచుకోవచ్చు. వాళ్ళు తరచుగా ఎంచుకొన్నది తల్లి తోడబుట్టినవాడిని. ఆపదలో మేనమామ వచ్చి నిలబడటం మన వైపే కాదు, అక్కడా ఉంది. పిల్లల ఇంటిపేరు ఒకటై, సంరక్షకుడి ఇంటిపేరు వేరైతే, అతని అక్కచెల్లెళ్ళ పేర్లు వెంటనే వెతకాలి. నాకు ఒక హన్నా పుట్టినిల్లు దొరికింది ఈ దారినే.

భూమి దస్తావేజులు

నాకు చేతనైన విద్య కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను. మన రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో పేర్లకు ఒక సూచిక, ఆస్తికి ఒక సూచిక ఉన్నట్టు, అక్కడ ఇచ్చినవారి సూచిక, పుచ్చుకొన్నవారి సూచిక అని రెండు ఉంటాయి. రెంటిలోనూ మగవారి పేర్లే ఎక్కువ. అందుచేత భర్త పేరుతో సూచిక చూసి, అతను అమ్మిన ప్రతి దస్తావేజునూ చివరి పంక్తి దాకా చదవాలి. తన మూడో వంతు హక్కు వదులుకొంటున్నట్టు భార్య చేసిన సంతకమో నిశానో అక్కడ ఉంటుంది. ఇది మన హక్కు విడుదల వంటిది. వర్జీనియా, మేరీలాండ్‌లలో భార్యను భర్తకు దూరంగా పిలిచి, ఇష్టపూర్వకంగానే వదులుకొంటున్నావా అని అడిగి రాసుకొనేవారు. ఒకే మనిషి 1701లో అమ్మినప్పుడు భార్య మేరీ, 1709లో అమ్మినప్పుడు భార్య సేరా అయితే, ఆ మధ్యలో మేరీ పోయిందని, అంతకు ముందు పుట్టిన పిల్లలు మేరీ పిల్లలు కావచ్చని ఊహించవచ్చు. మరణ నమోదు దొరకని చోట ఇదే ఆధారం.

ధర చూడండి. మన సెటిల్‌మెంటు దస్తావేజుల్లో 'మీ యందు నాకు గల ప్రేమాభిమానముల చేత' అని రాసినట్టే, అక్కడ కూడా ప్రేమ, సద్భావం కారణంగా అని చెప్పి భూమి రాసిచ్చిన దస్తావేజులు ఉన్నాయి. వేరే ఇంటిపేరు గల యువకుడికి ఒక పెద్దమనిషి డబ్బు పుచ్చుకోకుండా భూమి ఇచ్చాడంటే ఆ యువకుడు అల్లుడా అని మొదట అనుమానించాలి. ఇంటిపేర్లు వేరైన నలుగురైదుగురు దంపతులు కలిసి ఒకే చిన్న చేనును అమ్మారంటే, అది పంచుకోని పిత్రార్జితమని, ఆ భార్యలు అక్కచెల్లెళ్ళు కావచ్చని గుర్తించాలి. భాగస్తులందరూ సంతకం పెడితే తప్ప కొనేవాడు కొనడు. ఈ భయం ఏ దేశంలోనైనా ఒకటే.

హద్దులు కూడా చదవాలి. తూర్పు ఎవరి చేను, పడమర ఎవరి పచ్చిక అని రాసిన పేర్లలోనే చాలాసార్లు ఆమె తండ్రి ఉంటాడు. రైళ్ళు లేని ఆ కాలంలో పల్లెలో సంబంధాలు నడిచి వెళ్ళగల దూరంలోనే కుదిరేవి. సాక్షుల పేర్లను ఒక పట్టికగా రాసుకోండి. ఒకే మనిషి భర్త కాగితాల్లో మూడుసార్లు సాక్షిగా వస్తే అతను ఊరికే వచ్చినవాడు కాదు. చదవడం వచ్చినా రాయడం నేర్పని ఆడవాళ్ళు చాలామంది కాబట్టి వారు పేరుకు బదులు గుర్తు పెట్టేవారు. అసలు కాగితం దొరికితే ఆ గుర్తు ఆకారం చూసి ఇద్దరు మేరీలను వేరుచేయవచ్చు. రిజిస్ట్రీ పుస్తకంలో ఉన్నది గుమాస్తా ఎత్తి రాసిన నకలు కనుక దానిలో ఈ పోలిక పనికిరాదు.

మూడు ఇంటిపేర్లు, ఒకే పుట్టినిల్లు

మసాచుసెట్స్‌లోని సేలంలో 1692లో మంత్రగత్తెలన్న నేరం మోపి జరిపిన విచారణల్లో రెబెకా నర్స్ అనే డెబ్బై ఒక్క సంవత్సరాల వృద్ధురాలిని జులై 19న ఉరితీశారు. మేరీ ఈస్టీని సెప్టెంబరు 22న ఉరితీశారు. సేరా క్లాయిస్ చెరలో ఉండి ప్రాణాలతో బయటపడింది. ఇంటిపేర్లు మాత్రమే చూస్తే నర్స్, ఈస్టీ, క్లాయిస్ అనే మూడు వేరు వేరు కుటుంబాల ఆడవాళ్ళు. నిజానికి ముగ్గురూ విలియం టౌన్, జొయానా బ్లెస్సింగ్ దంపతుల కూతుళ్ళు. రెబెకాకు ఇంగ్లండులోని గ్రేట్ యార్మత్‌లో 1621లో బాప్తిస్మం ఇచ్చినట్టు అక్కడి చర్చి పుస్తకంలో ఉంది. విచారణ కాలంలో మేరీ, సేరా కలిసి కోర్టుకు పెట్టుకొన్న విన్నపం నేటికీ నిలిచి ఉంది. సేరాకు అది రెండో పెళ్ళి. మొదట ఆమె ఎడ్మండ్ బ్రిడ్జెస్ భార్య. అంటే ఆమె ఒక్కరినే వెతకాలన్నా టౌన్, బ్రిడ్జెస్, క్లాయిస్ అనే మూడు పేర్ల కింద చూడాలి. ఒక ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల మీద ఒకే ఏడాది ఆ నింద పడిందన్న సంగతి, వాళ్ళ పుట్టింటిపేరు తెలియకపోతే మన కళ్ళముందే ఉండి కూడా కనబడదు. నేను ఈ పనిని బడిపనిగా కాక గట్టిగా పట్టుకొన్నది ఈ ముగ్గురి కాగితాలు చదివిన తరువాతనే.

ఆ ఇంటిపేర్లను ఆనాటి గుమాస్తాలు చెవికి వినిపించినట్టు రాశారు. ఈస్టీ, ఎస్టీ, ఎస్టే ఒకే ఇంటిపేరు; క్లాయిస్, క్లాయ్స్ ఒకటే; నర్స్, నౌర్స్ ఒకటే. దొరలు తిరుపతిని త్రిపతి అని రాసిన పాత కాగితాలు చూసినవారికి ఇది వింత కాదు. పేరును బయటికి పలికి, ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగా వెతకండి. ముద్దుపేర్లు మరొక చిక్కు. పాలీ అంటే మేరీ, సాలీ అంటే సేరా, పెగ్గీ అంటే మార్గరెట్, బెట్సీ అంటే ఎలిజబెత్. మన తిరుపతిలో వీధికి పదిమంది మంగమ్మలు, వెంకటమ్మలు ఉన్నట్టు అక్కడ ఊరికి పదిమంది మేరీలు ఉంటారు, కాబట్టి పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు.

తేదీలు, మాటలు

ఇంగ్లీషు వలసల్లో 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఉగాదితో ఏడాది మార్చుకొనే మనకు ఇది పట్టుబడటం సులభం. ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఆనాటి లెక్కలో పాత సంవత్సరానికే చెందుతుంది, అందువల్ల విలియం మలిన్స్ మరణించిన ఫిబ్రవరిని 1620/21 అని రెండు విధాలా కలిపి రాస్తారు. కాగితంలో ఒకే సంవత్సరం ఉంటే, జనవరి నుంచి మార్చి 24 వరకు ఉన్న తేదీలను అనుమానంగా చూడాలి. లేకపోతే పెళ్ళికి ముందే బిడ్డ పుట్టినట్టు, తల్లి చనిపోయాక బాప్తిస్మం జరిగినట్టు పొరపాటు లెక్కలు వస్తాయి. 'మొదటి నెల' అని ఉంటే ఆ కాలంలో అది మార్చి. 1752లో సెప్టెంబరు 2 తరువాతి రోజును 14గా లెక్కించి పదకొండు రోజులు తీసేశారు. జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు పాత లెక్కలో 1731/32 ఫిబ్రవరి 11 అయి, కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22 అయింది అందుకే.

మాటల అర్థాలు కూడా ఈనాటివి కావు. 'కజిన్' అంటే మేనల్లుడో మేనకోడలో కావచ్చు. 'డాటర్ ఇన్ లా' అంటే కోడలే కానక్కరలేదు, భార్య మొదటి పెళ్ళి కూతురు కూడా కావచ్చు. 'మిస్ట్రెస్' అన్నది 1600లలో పెళ్ళిని కాదు, అంతస్తును చెప్పే మాట. సాధారణ గృహిణిని 'గుడ్‌వైఫ్' అనేవారు. సమాధి రాతి మీద 'కాన్సార్ట్' అని ఉంటే భర్త ఉండగానే పోయిందని, 'రెలిక్ట్' అని ఉంటే భర్త పోయాక బతికిందని అర్థం. ఒకే ఊరిలో సీనియర్, జూనియర్ అని ఇద్దరుంటే వాళ్ళు తండ్రీ కొడుకులే అనుకోవద్దు. బాబాయి, అబ్బాయి కావచ్చు, సంబంధమే లేకపోనూ వచ్చు.

న్యూ ఇంగ్లండు దాటితే

నేటి న్యూయార్క్ మొదట డచ్చివారి వలస. ఇంగ్లీషువారు 1664లో దానిని పట్టుకొన్నారు. డచ్చి ఆచారంలో స్త్రీ పెళ్ళైనా పుట్టింటిపేరు వదులుకోదు, సొంత పేరుతో వ్యాపారం చేసుకోవచ్చు. మార్గరెట్ హార్డెన్‌బ్రూక్ అనే వర్తకురాలు పెళ్ళైన తరువాత కూడా ఆ పేరుతో వ్యవహరించింది. అక్కడి డచ్చి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు 1639 నుంచి నమోదై ఉన్నాయి. బిడ్డ బాప్తిస్మానికి నిలబడిన సాక్షులు తరచుగా తాతలు, మేనత్తలు, పిన్నమ్మలు. మీ కోడలి శాఖ అటు వెళ్ళితే పని సగానికి తగ్గుతుంది.

పెన్సిల్వేనియాలో స్థిరపడిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి పెళ్ళిపత్రం మీద పెళ్ళికి వచ్చినవారందరూ సంతకాలు చేసేవారు, దగ్గరి బంధువులవి సాధారణంగా వధూవరుల పేర్ల కింద ఉంటాయి. శుభలేఖ కింద 'మీ రాకను కోరే' వారి పట్టిక చదివినట్టు చదవాలి. వర్జీనియాలో ప్రభుత్వ నమోదు లేదు, చర్చి పుస్తకాలు కొన్నే మిగిలాయి, పైగా చాలా కౌంటీల కోర్టులు కాలిపోయాయి. అక్కడ పక్క కౌంటీ దస్తావేజులే దిక్కు.

బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా స్త్రీల విషయం వేరుగా చెప్పాలి. వర్జీనియా 1662లో చేసిన చట్టం బిడ్డ స్థితి తల్లిని బట్టి ఉంటుందని చెప్పింది. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిస. కాగితంలో తల్లి పేరు రాసింది ఆమె వంశం నిలవాలని కాదు, యజమాని ఆస్తి లెక్క తప్పకూడదని. అయినా అలా రాసిన పేర్లే నేడు వారి వారసులకు మిగిలిన దారి, కాబట్టి యజమాని వీలునామా, ఆస్తి పట్టిక, అమ్మకం దస్తావేజు చదవాలి. 1761లో ఆఫ్రికా నుంచి బోస్టన్‌కు తెచ్చిన ఒక చిన్నపిల్లకు, ఆమెను తెచ్చిన ఓడ పేరు, కొన్న ఇంటివారి ఇంటిపేరు కలిపి ఫిల్లిస్ వీట్లీ అని పెట్టారు. ఆమె తరువాత గొప్ప కవయిత్రి అయింది. ఆమె తల్లి పెట్టిన పేరు ఏ కాగితంలోనూ లేదు.

నమ్మకూడనివి

నేను చేసిన పెద్ద తప్పు ఇతరులు ఇంటర్నెట్‌లో పెట్టిన వంశవృక్షాన్ని కాగితం అడగకుండా నమ్మడం. అందులో మా కోడలి పూర్వికురాలికి ఇచ్చిన పుట్టింటిపేరు పదిహేను వృక్షాల్లో కనబడింది, కనుక నిజమే అనుకొన్నాను. నాలుగు నెలల తరువాత చూస్తే ఆ పదిహేనూ ఒకదానిని చూసి ఒకటి రాసుకొన్నవే. ఆ ఇంటిపేరు గల అమ్మాయి పదేళ్ళ వయసులోనే చనిపోయినట్టు ఊరి రికార్డులో ఉంది. నకలుకు ఎన్ని నకళ్ళున్నా అసలు ఒక్కటే. పాత అచ్చుపుస్తకాలను కూడా ఇలాగే పరీక్షించాలి. గుస్తావ్ ఆంజూ అనే వ్యక్తి వంద సంవత్సరాల క్రితం ధనికులకు డబ్బు తీసుకొని దొంగ వంశావళులు అల్లి ఇచ్చాడు, అవి ఇంకా గ్రంథాలయాల్లో తిరుగుతున్నాయి. తేలిక లెక్క ఒకటి ఎప్పుడూ వేసుకోండి. ఒక స్త్రీకి పెళ్ళినాటికి ఎనిమిదేళ్ళని, చివరి కాన్పు నాటికి యాభై ఎనిమిదేళ్ళని వస్తే, అక్కడ ఇద్దరు స్త్రీలను ఒకరిగా కలిపేశారన్నమాట.

రాసిపెట్టడం

దొరికినదాన్ని ఎలా రాయాలో తిరుమల గుడిలోని రాయే నేర్పుతుంది. భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని సమర్పించిన పల్లవ రాణి సామవై శాసనంలో ఆమె పేరుతో పాటు ఆమె ఎవరి కూతురో, ఎవరి భార్యో రెండూ చెప్పారు. వంశచరిత్ర రాసేవారు కూడా స్త్రీని పుట్టింటిపేరుతోనే రాస్తారు, భర్తల పేర్లు ఆ తరువాత చేరుస్తారు. మా మనవరాలికి నేను తెలుగులో రాసిచ్చిన నమూనా ఇది: సేరా టౌన్, విలియం టౌన్, జొయానా బ్లెస్సింగ్‌ల కూతురు, మొదటి భర్త ఎడ్మండ్ బ్రిడ్జెస్, రెండవ భర్త పీటర్ క్లాయిస్, అక్కలు రెబెకా నర్స్, మేరీ ఈస్టీ. దాని కింద ప్రతి మాటకూ ఏ పుస్తకం, ఏ పుట, ఏ తేదీన చూశామో రాసుకోవాలి. కేవలం అనుమానంగా ఉన్న పుట్టింటిపేరును పెన్సిలుతో రాసి, పక్కన కారణం రాయండి. ఏమీ దొరకని చోట భర్త ఇంటిపేరును పుట్టింటిపేరు గడిలో ఎక్కించకుండా గీత గీసి వదలండి. మా పట్టికలో అలాంటి గీతలు ఇంకా పదకొండు ఉన్నాయి. మా వైపు చంద్రగిరి అవ్వగారి తల్లి గడి కూడా వాటిలో ఒకటి, దానికోసం వచ్చే నెల పాత భాగపరిష్కార దస్తావేజుల నకళ్ళకు దరఖాస్తు పెడుతున్నాను.